మడత పెట్టిన నీడ

నీడకి నాలుగు మడతలు పెట్టడం అయిపోయింది. ఐదో మడత పెడుతుండగా చెంగలి దొరికిపోయింది.

ఆ ఐదోది మానేసి గోడ దూకి ఉంటే ఈ ప్రకరణమే ఉండేది కాదు. కాని ఏం చేస్తుంది? సింధూరగిరి రాజుగారి చాకిరేవులో పుట్టి పెరిగిన పిల్ల. కొంపలంటుకుంటున్నా సరే, అంచుకి అంచు కలపకుండా, ముడతలు సాపు చేయకుండా పరాయి సొత్తుని చంకన పెట్టుకోవడం ఆమె చేతులకి తెలియదు. "ఈ కొస కొంచెం వంకరొచ్చింది" అనుకుంటూ ఆ మడత మళ్లీ విప్పి ఫెడీమని దులిపింది. ఆ దులుపుడికి ధర్మసభలో కునుకు తీస్తున్న భటులు నలుగురూ లేచారు. మగవేషం కోసం ఆమె అంటించుకున్న మీసం చెమటకి జారి గడ్డమై కూర్చుంది.

"దొంగ! దొంగ!" అన్నారు భటులు.

"నెమ్మది బాబూ, మడత చెదురుతుంది" అంది చెంగలి.

ఇదంతా జరిగింది మార్తాండపురి మహానగరంలో. శాసనాల్లో మార్తాండపురి, నడినెత్తి కాలిన జనం నోట్లో మాత్రం మాడుపురి. బంగారు కలశాల మీద కరిగి కారే ఎండ, చలువరాతి మెట్ల మీద సలసల కాగే ఎండ, కోటగోడ మీది పావురాలు ఒంటికాలిపై నిలబడి క్షణానికోసారి కాలు మార్చుకునే ఎండ. రాజవీధిలో రాతి ఏనుగుల తొండాల్లోంచి ఆవిరి లేచేది. చెట్టన్నది లేదు, గోడమీద బొమ్మ గీసినా సాయంత్రానికి ఆకులు రాలేవి. ఆ ఊళ్లో సిరి అంటే నీడే. అతిథి వస్తే మంచినీళ్లకంటే ముందు చాపెడు నీడ ఇచ్చేవారు. పొడుగాటి మనిషి వీధిలో నడుస్తుంటే అతని నీడలో దూరి పదిమంది నడిచేవారు. అతగాడు సందు తిరిగితే, పని ఉన్నా లేకపోయినా, పదిమందీ తిరగాల్సిందే.

అలాంటి ఊళ్లో ధర్మాధికారి ఘటోదరుడి ఆసనం మీద మూడు నెలలుగా ఒక నీడ పందిరిలా పరుచుకుని ఉంది. చల్లటి, నల్లటి, పట్టులాంటి నీడ. దానికి కిరీటం ఉంది. నడుముకి కత్తి ఉంది. మెడలో మూడుపేటల హారం కూడా ఉంది. అంత నీడని గృధ్రనాథుడనే మాంత్రికుడి దగ్గర నడివీధిలో కొన్న ఘటోదరుడు "ఇది ఎవరిదయ్యా?" అన్న చిన్న ముక్క మాత్రం అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. అప్పటినుంచీ ఆయన న్యాయమంతా నీడపట్టునే చెబుతున్నాడు.

ఎవరిదంటారా? సింధూరగిరి యువరాజు మేఘకేతుడిది. రేపు పొద్దు నడినెత్తికి రాకముందే పూర్వీకుల ఖడ్గం మీద యువరాజు తన నీడ పరచాలి. అదే అక్కడ పట్టాభిషేకం. నీడ పడకపోతే పట్టమూ లేదు, అభిషేకమూ లేదు. సింహాసనం, దానికోసమే ఈ నీడని కాజేసి ఊరు దాటించిన గృధ్రనాథుడిది. మాడుపురినుంచి సింధూరగిరికి ఎగిరే గాడిద మీద కూడా ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. అంటే ఇవాళ మధ్యాహ్నపు గంట కొట్టేలోగా నీడతో సహా చెంగలి బయల్దేరాలి.

గంటకి ఇంకా రెండు జాముల వ్యవధి కూడా లేదు. ఆమె చేతులకి సంకెళ్లు పడ్డాయి.

ఘటోదరుడు వచ్చి ఆసనంలో కూలబడ్డాడు. ఆయన కూర్చున్నాక పొట్ట మరో రెండు క్షణాలకి కూర్చుంది. పైన నీడ లేదు. అది సాక్ష్యంగా ముందున్న రాతిబల్ల మీద, నాలుగున్నర మడతల్లో ఉంది. ఎండ ఆయన బట్టతలని చూసి ముచ్చటపడింది.

"దొంగముండా, నా నీడ మీదే కన్నేశావా! గనికి పంపండి దీన్ని. ఇప్పుడే. ముందు ఆ నీడ విప్పి నా నెత్తిన వేయండి!"

"కుదరదు ప్రభూ" అన్నాడు తాటాకుల కట్టతో లేచిన ముసలి లేఖకుడు. "ముందు శిక్షణ. ఆ తర్వాతే శిక్ష."

శిక్షణకీ శిక్షకీ మధ్య ఒక్క 'ణ'కారమే అడ్డం. కాని మాడుపురిలో ఆ 'ణ' దాటడానికి కొందరికి ఏళ్లు పట్టేది. పట్టుబడ్డ దొంగ, ఆ ఏడు పదహారు నిండిన పిల్లలందరికీ దొంగతనమంటే ఏమిటో, చేస్తే ఏమవుతుందో స్వయంగా బోధించాలని ఆ నగర ధర్మం. పిల్లలు నేలమీద కూర్చుంటారు. అర్థమైన వాళ్లు లేచి నిలబడతారు. చిట్టచివరివాడు లేచేదాకా తీర్పు లేదు. ముద్దాయీ, సాక్ష్యపు సొత్తూ సభ గడప దాటకూడదు.

చెంగలిని పిల్లల ముందుకి తోసుకొస్తుంటే, స్తంభం పక్కన పీట వేసుకుని పెరుగన్నం తింటున్న ఒక బోడినెత్తి మనిషి పలకరించాడు. దోసకాయల దొంగ పానకాలు.

"కొత్తా అమ్మాయీ? ఒక్కటే గుర్తుపెట్టుకో. అర్థం కాకుండా చెప్పు. నేను ఇరవై రెండేళ్లుగా చెబుతున్నా. ఒక్కడు కూర్చునే ఉండేలా చూసుకున్నానంతే. రెండు పూటలా భోజనం, వారానికోసారి తలంటు. నీకేం తొందర?"

"ఉంది బాబాయ్. గంట కొట్టేలోగా ముగించాలి."

పానకాలు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ముగిస్తే శిక్ష వేస్తారే పిచ్చిదానా!"

"ముగించకపోతే మా యువరాజుకి శిక్ష."

ముప్పైమంది పిల్లలు తలమీద తడిగుడ్డలు వేసుకుని కూర్చున్నారు. చెంగలి గడ్డంమీది మీసం పీకి అవతల పారేసి గొంతు సవరించుకుంది.

"తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. పరాయివాళ్ల వస్తువుని వాళ్లు ఒప్పుకోకుండా, మనదై పోవాలనే దుర్బుద్ధితో తీసుకోవడమే దొంగతనం. అంతే. లేవండి."

ఎవరూ లేవలేదు.

"చెప్పి తీసుకుంటే?" అన్నాడొకడు. "నేను మా పక్కింటాయన్ని గొడ్డలి పట్టుకుని అడిగా. వెంటనే ఇచ్చేశాడు పాపం."

"అది ఇవ్వడం కాదురా, వణకడం. బెదిరించి తీసుకుంటే దోపిడీ అంటారు. దానికి దొంగతనం కంటే పెద్ద శిక్ష."

పదిమంది లేచారు. అడిగినవాడు లేస్తూ గొడ్డలిని వీపు వెనక దాచుకున్నాడు.

ఓబుళి అనే పొట్టిజడల పిల్ల చెయ్యెత్తింది. "అక్కా, తీసి, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేస్తే?"

"తీసిన క్షణమే తప్పు అయిపోయింది చెల్లీ. నీ అంతట నువ్వే తిరిగిచ్చేస్తే శిక్ష తగ్గుతుంది. చేసింది మాత్రం చెరగదు."

"మరి నేను సున్నుండ తిని డబ్బా తిరిగి పెట్టేశా."

"మూత పెట్టావా?"

"పెట్టా."

"అయినా తప్పే."

ఓబుళి నిట్టూర్చి లేచింది. ఇంకో కుర్రాడు అందుకున్నాడు. "నేనసలు ముట్టుకోనేలేదక్కా. మావాళ్లు లోపల ఉంటే సందు మొగలో నిలబడి, ఎవరన్నా వస్తే ఈల వేశా."

"నువ్వు వేసింది ఈల కాదురా, చెయ్యి. సాయం చేసినవాడూ దొంగే. ఒకే కేసు, ఒకే బోను."

"సరదాకి, పందెం కాస్తే?"

"సరదా నీది, సామాను వాళ్లది!"

ఇలా ఒక్కొక్కరే లేస్తున్నారు. ఎండా లేస్తోంది. చెంగలి మాటలకి గుర్రపు డెక్కలు వచ్చాయి. దొరికితే ఏమవుతుందో గడగడా చెప్పేసింది. మాడుపురిలో చిన్న చేతివాటానికి వస్తువు తిరిగివ్వడం, సొంతదారు ఇంట నెల రోజులు చాకిరీ. తలుపు పగలగొడితే ఏడేళ్లు ఉప్పుగని. పదహారు నిండనివాడికి గని లేదు. పెద్దలచేత పూచీ రాయించుకుని, బుద్ధి చెప్పే బడిలో పెడతారు. నిండితే గనే.

"నాకు నిన్ననే నిండాయి!" అని ఏడ్చాడు వెనకనుంచి ఒకడు. "మొన్న చేసినా బాగుండేది!"

"మొన్న చేసినా దొంగతనమేరా! అన్నిటికంటే మించింది నల్లరాయి. కోటగుమ్మం దగ్గర చూశారు కదా? దానిమీద పేరెక్కితే కొలువు ఇవ్వరు. కళ్లారా చూసింది చెప్పినా సాక్ష్యం చెల్లదు. పొరుగింట్లో గరిటె కనపడకపోతే ముందు మీ తలుపే తడతారు. ఆ గరిటె వాళ్ల పప్పులోనే ఉంటుంది. అయినా మీ తలుపే."

గనులకి నవ్వినవాళ్లు గరిటెకి జడిశారు. గుంపుగా లేచారు. కళ్లు మూసి తెరిచేసరికి ఇరవై తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు.

కూర్చున్నవాడు ఒక్కడు. పేరు ఏకాంబరం, పేరుకి తగ్గట్టే ఒంటిమీద ఒకటే బట్ట, జరీ పంచె. మనిషి నింపాది. రెప్ప వేయడానికి కూడా ముహూర్తం చూసుకునే రకం.

"అక్కా" అన్నాడు. ఆగాడు. గుటక వేశాడు. "మనం తీసుకోలేదనుకో. వాళ్లే ఇచ్చారు. నమ్మి, దాచమనో, ఉతకమనో. దాన్ని మనం వాడేసుకుంటే?"

చెంగలి నోరు అంతవరకూ ఝరీవేగంతో వచ్చి, అక్కడ ఆనకట్ట తగిలినట్టు ఆగింది.

ఎందుకంటే, మూడు నెలల కిందట ఒక పెళ్లిపెద్ద రేవుకి వచ్చాడు. ఉతికి ఆరేసిన యువరాజుగారి ఉత్తరీయం చూసి "ఒక్క పూట ఇవ్వమ్మా, పెళ్లిలో కప్పుకుని తెచ్చిస్తా" అన్నాడు. గంపెడు పనసతొనలు ఇచ్చాడు. చెంగలి తొనలు తీసుకుంది, ఉత్తరీయం ఇచ్చింది. రేవులో అప్పుడప్పుడూ జరిగేదే. పెళ్లికి పోయిన బట్ట మళ్లీ ఉతుక్కుని మడతలో చేరేది, ఎవరికీ తెలిసేది కాదు. ఈసారి పెళ్లిపెద్ద గృధ్రనాథుడు. మంత్రించిన ఉత్తరీయం యువరాజు భుజాన పడగానే నీడ కాళ్లదగ్గర ఊడి, చుట్టచుట్టుకుని, గాలికి లేచిపోయింది. ఉత్తరీయం పెళ్లికి వెళ్లొచ్చిందని ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

'అది దొంగతనం కాదు' అని ఒక్క మాట అంటే చాలు. ఏకాంబరం లేస్తాడు. పాఠం ముగుస్తుంది. ఎదుట సూర్యుడు నడినెత్తికి పాకుతున్నాడు.

"అదీ దొంగతనమేరా తమ్ముడూ" అంది చెంగలి. "ఊరందరి బట్టలూ నా దగ్గరుంటాయి. ఒక్కటీ నాది కాదు. అందుకే నన్ను నమ్ముతారు. నేనేమో యువరాజుగారి ఉత్తరీయాన్ని పనసతొనలకి పెళ్లికి పంపించా. ఆ నీడ పోయింది నా మూలంగానే. చూడండి" అని బల్లమీది నీడ అంచు మడత విప్పింది. ఉత్తరీయపు నీడ కొసన నల్లజీడితో పెట్టిన గుర్తు: మూడు చుక్కలు, ఒక నెలవంక. "మా రేవు గుర్తు. నా చేత్తో పెట్టింది. ఎన్ని ఉతుకులకీ పోదు. తొనలు తియ్యగా ఉన్నాయి. ఇప్పటికీ గొంతులోనే ఉన్నాయి."

లేఖకుడు గంటం తీసి ఆ మాటలన్నీ తాటాకు మీద గీసుకున్నాడు.

ఏకాంబరం చాలాసేపు ఆలోచించాడు. "అర్థమైందక్కా."

"మరి లేవరా నాయనా!"

"లేవలేను. ఈ పంచె మా అన్నది. చాకిరేవుకి ఇచ్చి రమ్మన్నాడు. కట్టుకొచ్చా. ఇప్పుడు అర్థమైంది కాబట్టి విప్పాలి. విప్పితే లేవలేను. కట్టుకుంటే అర్థం కానట్టు."

సభంతా గొల్లుమంది. చెంగలి మగవేషపు తలపాగా విప్పి వాడి మీదికి విసిరింది. ఏకాంబరం దాని చాటున మార్చుకుని, అన్న పంచె బుద్ధిగా మడిచి చంకలో పెట్టుకుని, ఆడుతూ పాడుతూ లేచాడు.

"అయిపోయింది!" అని అరిచింది చెంగలి. "ముప్పై!"

"అవలేదమ్మాయ్" అన్నాడు పానకాలు మూతి తుడుచుకుంటూ. "ముప్పై ఒకటి. ఈ సభలో లేవకుండా మిగిలినవాడు నీ లెక్కలోకీ వస్తాడు. నా మొదటి ఏడు శిష్యుల్లో లేవనివాడు ఒక్కడున్నాడని చెప్పానే! వాడు లేవలేదు కాబట్టే నేనింకా ఇక్కడున్నా. అడుగో."

అతని వేలు ఆసనం వైపు తిరిగింది. ఘటోదరుడు తల వంచుకున్నాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఆయన పానకాలు ఎదుట కూర్చున్న పిల్లాడే. అప్పుడు అర్థం కాలేదు. ఆ తర్వాత ధర్మాధికారి అయ్యాక, కావాలనే అర్థం కాలేదు. ధర్మాసనంలో ఆయనకి ఆసనమే చాలు. లేస్తే, దొంగసొత్తు కొనడం నేరమని తనకి తెలిసినట్టే. కూర్చున్నంతసేపూ ఏమీ తెలియనట్టే.

"నాకర్థం కాలేదు" అన్నాడు ఘటోదరుడు చేతులు కట్టుకుని. "నడివీధిలో కొన్నాను. ఎవరిదో నాకేం తెలుసు? మళ్లీ మొదటినుంచి చెప్పు. నిదానంగా. రేపటిదాకా చెప్పు."

అప్పుడే గంటగోపురం మీదికి భటుడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

చెంగలి ఆసనం చుట్టూ చూసింది. పైన పందిరి నీడ లేకపోయేసరికి ఘటోదరుడి సొంత నీడ నేలమీద పడి ఉంది. ఎండ నిట్టనిలువుకి వస్తుంటే మూరెడుకి కుదించుకుపోయిన గుండ్రటి నీడ. ఇంకో క్షణమైతే పొట్టకిందికి పోయి దొరకదు. ఆమె సంకెళ్లతోనే ముందుకి దూకింది. తడిబట్టని బండమీదనుంచి లేపే ఒడుపుతో, మడమ దగ్గర గోరు దూర్చి, అంచు పట్టి, చర్రున లాగింది. నీడ ఊడొచ్చింది. ఒక మడత. రెండు మడతలు. చంకలో పెట్టుకుంది.

"ఓసి! నా నీడ!" అని కేక వేశాడు ఘటోదరుడు.

"మీదని ఏమిటి రుజువు? నేలమీద దొరికింది. ఎవరిదని అడగలేదు."

"అడగాలా? ఆ పొట్ట చూస్తే తెలియడం లేదూ?"

"ఈ కిరీటం చూస్తే తెలియలేదా మీకు?"

"అది వేరే! ఇది నాది! దొంగ! దొంగ! ఇవ్వవే!" అంటూ ఘటోదరుడు పెట్టిన గావుకేకకి పావురాలు రెండు కాళ్లూ ఎత్తేశాయి. ఆ ఊపులో ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన లేచిన రెండు క్షణాలకి పొట్ట కూడా లేచింది.

సభ మొత్తం ఒక్క గొంతుతో అంది: "అర్థమైంది!"

లేఖకుడు చప్పట్లు కొట్టబోయి, వయసు గుర్తొచ్చి, తాటాకు తీశాడు. "ముప్పై ఒకటోవారూ లేచారు. పాఠం ముగిసింది. ఇక చట్టం వినండి. దొంగసొత్తు సొంతదారుకి చేరాలి. దొంగసొత్తని తెలిసే స్థితిలో ఉండీ అడక్కుండా కొన్నవాడు ఆసనం దిగి, ఎండలో నిలబడి పాఠం చెప్పాలి."

పానకాలు పెరుగు గిన్నె అవతల పెట్టి, ఘటోదరుడి ఎదురుగా నేలమీద మఠం వేసుకుని చతికిలబడ్డాడు. "చెప్పు నాయనా. నాకు కాస్త నెమ్మదిగా అర్థమవుతుంది" అన్నాడు.

చెంగలి ఘటోదరుడి నీడని దులిపి, ముడత లేకుండా ఆయన కాళ్లకి తిరిగి అంటించింది. లేఖకుడు ఆమె వైపు తిరిగాడు. చూపు మెత్తగా ఉంది, తాటాకు మాత్రం గట్టిగానే ఉంది.

"నమ్మి ఇచ్చినదాన్ని వాడుకున్నావు. నీ నోటితో నువ్వే చెప్పావు కాబట్టి నల్లరాయి తప్పింది. ఆ నీడని నీ చేత్తో యువరాజుకి అప్పగించు. తిరిగొచ్చి ఏడాదిపాటు ఈ నగరపు బట్టలు ఉతుకు. తిరిగొస్తావని పూచీగా ఏం పెడతావు?"

ఆమె దగ్గర ఏముంది? కట్టుబట్ట, సంకెళ్లు. సంకెళ్లు కూడా వాళ్లవే.

చెంగలి వంగింది. తన మడమల దగ్గర గోరు దూర్చి, తన నీడనే ఒలిచింది. బక్కపలచటి నీడ, నెత్తిన మూట మోసీ మోసీ ఒక పక్కకి ఒరిగిన నీడ. దానికి అయిదు మడతలూ శుభ్రంగా పెట్టింది. లేఖకుడి గంటం అందుకుని, అంచున తన గుర్తు గీసింది.

"జాగ్రత్త బాబూ. నమ్మి ఇస్తున్నా."

"ఎవరికీ కప్పుకోడానికి ఇవ్వం" అన్నాడు లేఖకుడు.

మధ్యాహ్నపు గంట మోగింది. అప్పటికి ఆమె సంకెళ్లు విప్పించుకుని, యువరాజు నీడ మూటతో కోటగోడ బయట కట్టేసిన గాడిద మీద ఉంది. పేరు సుకుమారుడు. వాడికి రెక్కల్లేవు, పొగిడితే ఎగురుతాడు. కాని నిజమే పొగడాలి. ఒక్క అబద్ధం పడిందంటే రాయిలా కింద పడతాడు.

"నీ చెవులు పొడుగు!" అంది చెంగలి. గాడిద లేచింది. "నీ గొంతు నాలుగూళ్లకి వినిపిస్తుంది!" గోపురాలు దాటింది. "నీ పళ్లు... పెద్దవి!"

ఇసుకమేటలు కింద పరుగెడుతున్నాయి. మూటలోంచి యువరాజు నీడ కొస జారి, ఖాళీగా ఉన్న ఆమె మడమలకి తగులుకుంది. చాకిరేవు పిల్ల గాడిదమీద పోతుంటే, కింద ఇసుకలో కిరీటం పెట్టుకున్న నీడ ఉత్తరీయం ఎగరేస్తూ పోతోంది. ఆ కిరీటం నీడ ఆకాశంలో చాలా ఎత్తున తిరుగుతున్న ఒక గద్ద కంటపడింది. గద్ద మెడలో రుద్రాక్షలున్నాయి.

గృధ్రనాథుడు రెక్కలు ముడిచి రాలిపడే బాణంలా దిగాడు. చెంగలికి పొగడ్తలు అయిపోయాయి. గాడిద కాళ్లు ఇసుకకి తగలబోతున్నాయి. గద్ద గోళ్లు నీడ అంచుని పట్టేశాయి, సరిగ్గా జీడి గుర్తు మీద.

"వదులు! అది ఇప్పుడు నీ కాళ్లకే ఉంది, నీదే అనుకో, చెరి సగం చేసుకుందాం!" అన్నాడు గద్ద గొంతుతో.

చెంగలి గాడిద చెవిలోకి వంగింది. "సుకుమారా, పుట్టినప్పటినుంచీ ఊరందరి మూటలూ మోశావు. ఒక్కదానితోనూ పారిపోలేదు." అంతకంటే నిజం లేదు. గాడిద ఆకాశానికి నిలువునా లేచింది. నీడ రెండు కొసలా బిగుసుకుని, వీణతీగలా మోగింది. ఆమె దాన్ని ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని పళ్లు బిగించింది.

"నాది కాదురా గద్దముక్కూ! అందుకే వదలను!"